మాస్ ఎఫెక్ట్: కొత్తగా ఆడేవారు ఎక్కడ ఆగాలి, ఎక్కడ పరుగెత్తాలి?

వీడియో గేమ్ అనగానే చాలామందికి వేళ్ల వేగమే గుర్తొస్తుంది. గురి చూడటం, కాల్చడం, తప్పించుకోవడం. 'మాస్ ఎఫెక్ట్'లో ఇవన్నీ ఉన్నాయి. అయినా ఇందులో కొత్తవారికి పెద్ద నష్టం జరిగేది తుపాకీ దగ్గర కాదు. తోటి పాత్రతో మాట్లాడకుండా వెళ్లిపోయినప్పుడు, ముందు చేయాల్సిన పనిని వాయిదా వేసినప్పుడు జరుగుతుంది. ఆ సంగతి అప్పటికప్పుడు తెలియదు. పదుల గంటల తర్వాత, ఒక్కోసారి తర్వాతి భాగంలో, మనకు బాగా దగ్గరైన పాత్ర చనిపోయినప్పుడు తెలుస్తుంది.

ఈ సైన్స్ ఫిక్షన్ రోల్ ప్లేయింగ్ గేమ్‌ను కెనడాలోని ఎడ్మంటన్ నగరానికి చెందిన బయోవేర్ స్టూడియో తయారు చేసింది. మొదటి భాగం 2007లో, రెండోది 2010లో, మూడోది 2012లో వచ్చాయి. ఈ మూడింటినీ మెరుగుపరిచి, 2021 మే 14న 'లెజెండరీ ఎడిషన్' పేరుతో ఒకే ప్యాకేజీగా విడుదల చేశారు. కొత్తగా మొదలుపెట్టేవారికి ఇదే అనువైనది. విడిగా అమ్మిన అదనపు కథలు కూడా, ఒక్క 'పినకిల్ స్టేషన్' తప్ప, దాదాపు అన్నీ ఇందులోనే ఉన్నాయి.

ఈ వ్యాసంలో కథలోని ప్రధాన మలుపులు చెప్పడం లేదు. అయితే రెండో భాగం ముగింపుకు ఎలా సిద్ధం కావాలో వివరించడానికి కొన్ని విషయాలు ముందే చెప్పక తప్పదు.

కథ ఏమిటి?

గేమ్‌లోని చరిత్ర ప్రకారం 2148లో మనుషులకు అంగారకుడిపై ఒక పురాతన నాగరికత శిథిలాలు దొరుకుతాయి. వాటి సాయంతో నక్షత్రాల మధ్య ప్రయాణించే మార్గం తెలుస్తుంది. అక్కడికి వెళ్లి చూస్తే, అప్పటికే ఎన్నో జాతులు 'సిటడెల్' అనే భారీ అంతరిక్ష కేంద్రం నుంచి గెలాక్సీని పాలిస్తుంటాయి. అసారి, సలారియన్, ట్యూరియన్ జాతుల ప్రతినిధులతో కూడిన మండలిదే అక్కడ తుది మాట. మనుషులు ఆలస్యంగా వచ్చిన కొత్తవారు.

అసలు కథ 2183లో మొదలవుతుంది. మీరు కమాండర్ షెపర్డ్. ఆడా, మగా అన్నది మీ ఇష్టం. ఆడ షెపర్డ్‌కు జెనిఫర్ హేల్, మగ షెపర్డ్‌కు మార్క్ మీర్ గొంతునిచ్చారు. ప్రతి 50 వేల ఏళ్లకోసారి వచ్చి నాగరికతలను తుడిచిపెట్టే 'రీపర్లు' అనే యంత్రజాతి మళ్లీ రాబోతోందని షెపర్డ్‌కు తెలుస్తుంది. నమ్మేవారు తక్కువ. ఉన్నదల్లా 'నార్మండీ' అనే నౌక, అందులోని కొద్దిమంది సహచరులు. మూడు భాగాల కథ వారితోనే నడుస్తుంది.

మొదలుపెట్టే ముందు

మూడు భాగాలనూ వరుసగా ఆడండి. మొదటి భాగం ముగిశాక మీ సేవ్ ఫైల్‌ను రెండో భాగంలోకి, అక్కడి నుంచి మూడో భాగంలోకి తీసుకెళ్లవచ్చు. ఎవరు బతికారు, ఎవరికి మాట ఇచ్చారు, ఎవరిని వదిలేశారు అన్నవన్నీ మీతో పాటే వస్తాయి. మొదటి భాగం పాతగా ఉందని నేరుగా రెండోదానికి వెళ్లేవారి కోసం, ముఖ్యమైన నిర్ణయాలు తీసుకునే వీలున్న చిన్న కామిక్ ఒకటి ఉంది. అది పని గడుపుతుంది. కానీ ఆ మనుషులతో గడిపిన సమయానికి అది ప్రత్యామ్నాయం కాదు.

పీసీలో ఆడాలంటే 120 జీబీ ఖాళీ ఉండాలి. పరిమిత డేటాతో డౌన్‌లోడ్ చేసుకునేవారు ఇది ముందే చూసుకోవాలి. అమెరికాలోని రేటింగ్ సంస్థ ఈఎస్‌ఆర్‌బీ దీన్ని 17 ఏళ్లు, ఆపైవారికి అని వర్గీకరించింది. ఇంట్లో పిల్లలుంటే గుర్తుంచుకోండి.

సెట్టింగ్స్‌లోకి వెళ్లి సబ్‌టైటిల్స్ ఆన్ చేయండి. తెలుగు సబ్‌టైటిల్స్ లేవు. ఇంగ్లిష్ బాగా వచ్చినవారికి కూడా ఇక్కడి పేర్లు, ఊళ్లు, జాతులు, సైనిక పదాలు ఒక్కసారి వింటే పట్టుబడవు. అక్షరాల్లో చూస్తే గుర్తుంటాయి. తెలియని పదం వస్తే 'కోడెక్స్' తెరవండి. అది గేమ్‌లోనే ఉన్న చిన్న విజ్ఞాన సర్వస్వం.

కష్టస్థాయి విషయంలో పంతానికి పోవద్దు. 'క్యాజువల్' లేదా 'నార్మల్' చాలు. మధ్యలో ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

ఏ క్లాస్ మంచిది?

మొత్తం ఆరు క్లాసులున్నాయి. వాటికి మూలం మూడు నైపుణ్యాలు: ఆయుధాలు, సాంకేతిక పరికరాలు, 'బయోటిక్స్' అనే శక్తి. బయోటిక్స్‌తో శత్రువును గాల్లోకి లేపవచ్చు, విసిరేయవచ్చు. సోల్జర్ పూర్తిగా ఆయుధాల మనిషి. ఇంజినీర్ పరికరాలపై, అడెప్ట్ బయోటిక్స్‌పై ఆధారపడతారు. ఇన్‌ఫిల్ట్రేటర్, వాన్‌గార్డ్, సెంటినెల్ రెండేసి నైపుణ్యాల కలయిక.

ఇలాంటి గేమ్ ఎప్పుడూ ఆడనివారికి సోల్జర్ సులువు. కాస్త అలవాటున్నవారికి దూరం నుంచి గురిపెట్టే ఇన్‌ఫిల్ట్రేటర్ బాగుంటుంది. వాన్‌గార్డ్ మాత్రం రెండో భాగంలో శత్రువు మీదికి దూసుకెళ్లే క్లాస్. సరదాగానే ఉంటుంది కానీ, కొత్తవారు తరచూ చనిపోతారు. ఏది ఎంచుకున్నా జీవితాంతం కట్టుబడి ఉండనక్కర్లేదు. తర్వాతి భాగం మొదలుపెట్టేటప్పుడు క్లాస్ మార్చుకునే అవకాశం ఇస్తారు.

సోల్జర్‌గా ఆడేవారికి మొదటి భాగంలో ఒక ఇబ్బంది ఉంది. తాళం వేసిన పెట్టెలు, తలుపులు తెరవడానికి సాంకేతిక నైపుణ్యం కావాలి. అది మీకు లేకపోతే, ఉన్న సహచరిని వెంట తీసుకెళ్లండి. టాలి ఈ పనికి బాగా పనికొస్తుంది.

మాటల చక్రం ఎలా పనిచేస్తుంది?

ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు తెరపై గుండ్రటి చక్రం వస్తుంది. దాని కుడివైపు ఉన్న మాటలు సంభాషణను ముందుకు నడిపిస్తాయి. పైది మెత్తని మాట, మధ్యది తటస్థం, కిందిది కరకు మాట. ఎడమవైపు ఎక్కువగా అదనపు ప్రశ్నలుంటాయి. వాటిని ఎన్ని అడిగినా నష్టం లేదు. కాబట్టి ముందు ఎడమవైపు ప్రశ్నలన్నీ అడిగి, తర్వాత కుడివైపుకు వెళ్లడం మంచి అలవాటు.

చక్రంపై కనిపించేది పూర్తి వాక్యం కాదు, దాని సారాంశం. షెపర్డ్ నోటివెంట వచ్చే మాట మీరు ఊహించిన దానికంటే పదునుగా ఉండవచ్చు. ముఖ్యమైన సంభాషణలకు ముందు సేవ్ చేసుకుంటే నిశ్చింత. రెండో భాగం నుంచి మాటల మధ్యలో నీలం లేదా ఎరుపు గుర్తు ఒక్క క్షణం మెరుస్తుంది. అప్పుడు బటన్ నొక్కితే షెపర్డ్ మధ్యలోనే జోక్యం చేసుకుంటారు. నీలం ఓదార్చడానికో కాపాడటానికో, ఎరుపు దెబ్బ తీయడానికో బెదిరించడానికో.

పారగాన్, రెనిగేడ్ అంటే మంచి, చెడు అనుకోవచ్చా?

అలా అనుకోనక్కర్లేదు. రెండు దారుల్లోనూ షెపర్డ్ లక్ష్యం ఒక్కటే. పారగాన్ నచ్చజెప్పి, నమ్మకం కూడగట్టుకుని పని చేయిస్తారు. రెనిగేడ్ నియమాలను పక్కన పెట్టి, భయపెట్టి అయినా పని పూర్తి చేస్తారు.

లెక్క మాత్రం ఒక్కో భాగంలో ఒక్కోలా ఉంటుంది. మొదటి భాగంలో నచ్చజెప్పడం, బెదిరించడం విడి నైపుణ్యాలు. లెవెల్ పెరిగినప్పుడల్లా వాటిలో పాయింట్లు వేయాలి. తుపాకీ నైపుణ్యాలకే పాయింట్లన్నీ ఖర్చు చేసినవారికి, కీలకమైన చోట నచ్చజెప్పే మాట బూడిద రంగులో కనిపిస్తుంది, కానీ ఎంచుకోవడానికి వీలుండదు. రెండో భాగంలో ఒకే దారిని ఎక్కువగా పట్టుకున్నవారికే కఠినమైన సందర్భాల్లో తలుపులు తెరుచుకుంటాయి. సగం అటు, సగం ఇటు నడిస్తే రెండింటికీ చెడ్డ రేవడి పరిస్థితి వస్తుంది. మూడో భాగంలో రెండింటినీ కలిపి ఒకే పేరుప్రతిష్ఠగా లెక్కిస్తారు కాబట్టి కాస్త స్వేచ్ఛ ఉంటుంది.

మొదటి భాగం: సిటడెల్‌లో చిక్కుకుపోవద్దు

కొత్తవారి ఉత్సాహం నీరుగారే చోటు సిటడెల్. కథ మొదట్లోనే ఇక్కడికి చేరుకుంటారు. కారిడార్లు, లిఫ్టులు, అడుగడుగునా ఏదో ఒక సాయం అడిగేవారు. అన్నీ ఒకేసారి పూర్తి చేయాలనుకుంటే గంటలు గడుస్తాయి, నౌక ఎక్కే క్షణం రాదు. ప్రధాన కథను పట్టుకుని వెళ్లండి, దారిలో తగిలిన పనులు చేయండి. మిగతావాటి కోసం మళ్లీ రావచ్చు.

ఒక్క విషయంలో మాత్రం అజాగ్రత్త వద్దు. గారస్, రెక్స్ అనే ఇద్దరు సహచరులు ఇక్కడే పరిచయమవుతారు. ఇద్దరినీ జట్టులోకి తీసుకోండి. తొందరలో ఒకరిని వదిలేసి వెళ్లే అవకాశం ఉంది. వారి కథలు మూడు భాగాల్లోనూ సాగుతాయి.

నౌక చేతికొచ్చాక వెళ్లాల్సిన గ్రహాలు మూడు కనిపిస్తాయి. ముందుగా థీరమ్ వెళ్లండి. శాస్త్రవేత్త లియారా అక్కడ దొరుకుతుంది. ఆమెను ముందే కలిస్తే మిగతా ప్రయాణమంతా మీతో ఉంటుంది. ఫెరోస్, నొవేరియాల్లో ఏది ముందైనా పర్వాలేదు.

ప్రతి పెద్ద మిషన్ తర్వాత నౌకంతా ఒకసారి తిరగండి. సహచరులకు కొత్త మాటలు అప్పుడే పుట్టుకొస్తాయి. రెక్స్ తన కుటుంబానికి చెందిన పాత కవచం గురించి చెబుతాడు. వింటే అది చిన్న పక్క పని. కానీ విర్మైర్ అనే గ్రహంపై అతనితో పెద్ద గొడవ వస్తుంది. ఆ కవచం తెచ్చిచ్చినవారికీ, నచ్చజెప్పే లేదా బెదిరించే నైపుణ్యం తగినంత ఉన్నవారికీ అతన్ని మాటలతో శాంతపరిచే వీలుంటుంది. రెండూ లేనివారు అతన్ని కోల్పోయే ప్రమాదం ఉంది. కాబట్టి విర్మైర్‌కు వెళ్లే ముందు ఆ పని పూర్తి చేయండి.

ఖాళీ గ్రహాలపై 'మాకో' అనే ఆరు చక్రాల వాహనంలో తిరగవచ్చు. అక్కడి స్థావరాలు చాలావరకు ఒకేలా ఉంటాయి. అన్నీ చూడాల్సిన అవసరం లేదు. సహచరులు అడిగినవి మాత్రం వదలొద్దు. ఐలోస్‌కు బయల్దేరితే ఇక వెనక్కి రావడం ఉండదు. మిగిలిన పనులేవైనా ఉంటే దానికి ముందే చూసుకోండి.

యుద్ధంలో ఆపడం నేర్చుకోండి

కొత్తవారు తరచూ మరిచిపోయే సౌకర్యం పవర్ వీల్. ఒక బటన్ నొక్కిపట్టుకుంటే యుద్ధం ఆగిపోతుంది. అప్పుడు నింపాదిగా చుట్టూ చూసి, ఎవరు ఎవరిపై ఏ శక్తి వాడాలో చెప్పవచ్చు. వేళ్లు చురుగ్గా లేనివారు కూడా దీనితో గట్టెక్కుతారు.

రెండు, మూడు భాగాల్లో శత్రువు తలపై కనిపించే రంగు పట్టీలను చదవడం నేర్చుకోవాలి. నీలం అంటే షీల్డ్, దానికి 'ఓవర్‌లోడ్' మందు. పసుపు అంటే కవచం, దానికి 'ఇన్సినరేట్' లేదా 'వార్ప్'. ఊదా అంటే బయోటిక్ బారియర్, దానికీ 'వార్ప్' పనిచేస్తుంది. ఎరుపు అంటే ప్రాణం. రెండో భాగంలో ఈ రక్షణలు ఉన్నంతసేపూ శత్రువును గాల్లోకి లేపే శక్తులు పెద్దగా పనిచేయవు. అందుకే మిషన్‌కు తీసుకెళ్లే ఇద్దరు సహచరుల్లో ఒకరు షీల్డ్ తీసేవారు, మరొకరు కవచం కరిగించేవారు అయితే దాదాపు ఎక్కడైనా నెగ్గుకురావచ్చు.

రెండో భాగం: ముందు నిదానం, తర్వాత వేగం

మూడు భాగాల్లోనూ వరుస బాగా ముఖ్యమైనది ఇందులోనే. కథ మొదట్లోనే చెబుతారు: తిరిగి రాలేని మిషన్ ఒకటి ఉంది, దానికి జట్టును కూడగట్టాలి అని. ఒక్కో సహచరుడికీ మనసులో ఒక భారం ఉంటుంది. దాన్ని తీర్చడానికి ఒక్కో 'లాయల్టీ మిషన్' ఉంటుంది. అవి పక్క పనుల్లా కనిపిస్తాయి. నిజానికి చివర్లో ఎవరు బతుకుతారన్నది చాలావరకు వాటి మీదే ఆధారపడి ఉంటుంది.

ఇక్కడ రెండు దశలున్నాయి. 'రీపర్ ఐఎఫ్ఎఫ్' అనే పరికరం తెచ్చే మిషన్ వరకు నిదానమే ప్రధానం. దాన్ని ముట్టుకోకముందే అప్పటిదాకా జట్టులో చేరిన అందరి లాయల్టీ మిషన్లూ పూర్తి చేయండి. ఆ మిషన్‌లోనే లీజియన్ అనే సహచరుడు దొరుకుతాడు. మిగతావన్నీ ముందే అయిపోతే, తర్వాత అతని పని ఒక్కటే మిగులుతుంది.

ఆ తర్వాత నౌకలో ఒక ఘోరం జరుగుతుంది, మీ సిబ్బంది ప్రమాదంలో పడతారు. అక్కడి నుంచి ఆలస్యం అమృతం విషం. వెంటనే చివరి మిషన్‌కు బయల్దేరితే సిబ్బందిని కాపాడుకోవచ్చు. ఒకటి, రెండు పనులు చూసుకుని వెళదామనుకుంటే సగం మంది దక్కరు. ఇంకా ఆలస్యమైతే దాదాపు అందరూ పోతారు. తెరపై గడియారం కనిపించదు, హెచ్చరికా రాదు.

నౌకను కూడా సిద్ధం చేయాలి. జేకబ్‌తో మాట్లాడితే కవచం, టాలితో మాట్లాడితే షీల్డ్, గారస్‌తో మాట్లాడితే ఫిరంగి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా చివరి ప్రయాణంలో ఒక సహచరుడి ప్రాణం పోతుంది. వీటికి కావాల్సిన ఖనిజాలను గ్రహాలను స్కాన్ చేసి సేకరించాలి. 'రిచ్' అని చూపించే గ్రహాలను స్కాన్ చేస్తే చాలు. ప్రతి గ్రహాన్నీ తవ్వుతూ కూర్చుంటే విసుగు పుడుతుంది.

జట్టులో రెండు గొడవలు కూడా వస్తాయి: మిరాండాకు జాక్‌తో, టాలికి లీజియన్‌తో. ఒకరి పక్షం వహిస్తే రెండోవారి విధేయత పోతుంది. ఇద్దరినీ సమాధానపరచాలంటే పారగాన్ లేదా రెనిగేడ్ స్థాయి బాగా ఉండాలి. ఒకే దారిలో నడవమనడానికి కారణం ఇదే.

చివరి మిషన్‌లో ఎవరికి ఏ పని?

ఇక్కడ గేమ్ మిమ్మల్ని పరీక్షించేది ఒకే ప్రశ్నతో: ఇన్నాళ్లూ మీ జట్టు చెప్పింది విన్నారా? ఒక్కో దశలో ఒక్కో పని అప్పగించాలి. ముందుకొచ్చిన ప్రతివారూ ఆ పనికి తగినవారు కారు. సాంకేతిక పనికి జేకబ్ తానే ముందుకొస్తాడు, కానీ అది అతని విద్య కాదు. బయోటిక్ రక్షణ వలయం ఏ బయోటిక్ అయినా నిలపగలరని మిరాండా అంటుంది, అది నమ్మితే ఒకరు చనిపోతారు.

సాంకేతిక పనికి టాలి, లీజియన్, కసుమిల్లో ఒకరిని పంపండి. రెండో దళానికి నాయకత్వం గారస్‌కో, మిరాండాకో, జేకబ్‌కో ఇవ్వండి. బయోటిక్ వలయం సమారా లేదా జాక్ నిలపగలరు. విధేయత ఉన్నవారినే ఎంచుకోండి. సిబ్బందిని వెనక్కి చేర్చడానికి తోడు పంపాల్సి వస్తే, పోరాటంలో అంత బలం లేని మోర్డిన్ లాంటివారిని పంపడం మేలు. చివర్లో వెనుక నిలబడి శత్రువును ఆపే గుంపులో గ్రంట్, జాయీద్, గారస్ లాంటి బలవంతులు ఉండాలి. అందరినీ మీ వెంట తీసుకెళితే వెనుక ఉన్నవారు నిలబడలేరు.

మూడో భాగం: పాత లెక్కలు తేలే చోటు

రీపర్లు వచ్చేస్తారు. వారిని ఎదుర్కోవడానికి అన్ని జాతుల సైన్యాలనూ కూడగట్టాలి. వాటిని 'వార్ అసెట్స్' అంటారు. గత భాగాల్లో మీరు కాపాడినవారు, సాయం చేసినవారు ఇప్పుడు బలంగా మారతారు.

ఒక ఉదాహరణ. క్రోగన్ జాతి సంఖ్యను అదుపు చేయడానికి సలారియన్లు 'జెనోఫేజ్' అనే వ్యాధిని తయారు చేశారు, ట్యూరియన్లు దాన్ని ప్రయోగించారు. ఫలితంగా వెయ్యి గర్భాల్లో ఒకటే నిలుస్తుంది. రెండో భాగంలో మోర్డిన్ లాయల్టీ మిషన్ చివర, ఆ వ్యాధికి సంబంధించిన పరిశోధన సమాచారాన్ని ఉంచాలా, నాశనం చేయాలా అని అడుగుతారు. అది క్రూరమైన ప్రయోగాలతో సంపాదించిన సమాచారం. నాశనం చేయడమే న్యాయంగా అనిపించవచ్చు. మూడో భాగంలో ఒకరి ప్రాణం ఆ నిర్ణయం మీద ఆధారపడుతుంది. అలాగే క్వేరియన్లకూ, వారు తయారు చేసిన గెత్ యంత్రాలకూ మధ్య సుమారు మూడు వందల ఏళ్ల వైరం ఉంది. వారి మధ్య శాంతి సాధ్యమే. కానీ టాలి, లీజియన్ల విషయంలో రెండో భాగంలో మీరు చేసిన పనులు అందుకు కలిసి రావాలి.

ఇక్కడ కూడా కొన్ని మిషన్లు మీ కోసం ఎదురుచూడవు. గ్రిస్సమ్ అకాడమీ నుంచి సాయం కోరుతూ పిలుపు వస్తే వాయిదా వేయకండి. ప్రమాదంలో ఉన్నారని, బాంబు ఉందని చెప్పే పనులను ముందు పూర్తి చేయండి. ఆయుధాల బరువు కూడా చూసుకోవాలి. బరువు పెరిగే కొద్దీ శక్తులు మళ్లీ వాడటానికి ఎక్కువ సమయం పడుతుంది. శక్తుల మీద ఆధారపడే క్లాసులకు ఒకట్రెండు తేలికపాటి తుపాకులు చాలు. సెర్బెరస్ ప్రధాన స్థావరంపై దాడి మొదలైతే వెనక్కి రాలేరు. 'సిటడెల్' పేరుతో ఉన్న అదనపు కథను దానికి కాస్త ముందు ఆడండి. ఇన్నాళ్ల సహచరులతో తీరిగ్గా గడిపే చివరి అవకాశం అది.

తప్పు జరిగితే మళ్లీ లోడ్ చేయాలా?

ఆటోసేవ్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా, పెద్ద మిషన్ల ముందు విడిగా సేవ్ చేసుకోండి. ఒక్కో భాగం ముగింపు సేవ్‌ను అస్సలు తొలగించకండి. ఏ బటన్ నొక్కాలో తెలియక పొరపాటు జరిగితే వెనక్కి వెళ్లడంలో తప్పులేదు.

కానీ ఆలోచించి తీసుకున్న నిర్ణయం వికటిస్తే, ఒక్కసారైనా దానితోనే ముందుకు సాగి చూడండి. విర్మైర్‌పై ఎంత సిద్ధమైనా తప్పించుకోలేని నష్టం ఒకటి ఉంటుంది. దాన్ని మోస్తూనే షెపర్డ్ తర్వాతి రెండు భాగాలూ నడుస్తారు. గైడ్ పక్కన పెట్టుకుని అందరినీ బతికించే ఆట రెండోసారికి ఉంచుకోవచ్చు. పక్క పనులతో కలిపి మూడు భాగాలకూ సుమారు వంద గంటలు పడుతుంది కాబట్టి, మొదటిసారికి ఈ మూడు గుర్తుంటే చాలు: ప్రతి మిషన్ తర్వాత నౌకలో అందరినీ పలకరించండి, ఐఎఫ్ఎఫ్‌కు ముందు లాయల్టీ మిషన్లు ముగించండి, సిబ్బంది ప్రమాదంలో పడిన తర్వాత ఒక్క పని కూడా పెట్టుకోకండి.